టామ్‌క్యాట్ మీద నడిచే ఓపెన్ సోర్స్ అప్లికేషన్‌ను వెబ్‌లాజిక్, వెబ్‌స్ఫియర్, జేబాస్‌ల మీద ఎలా పరీక్షించాలి?

నమస్కారం. మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: కడపలో మీది చిన్న బృందం. పత్రాల నిర్వహణకు వాడే ఒక ఓపెన్ సోర్స్ జావా వెబ్ అప్లికేషన్‌ను తెలుగుకు అనువుగా మార్చి కస్టమర్లకు పెట్టి ఇస్తున్నారు. ఇంతవరకు అంతా టామ్‌క్యాట్ 9 (జావా వెబ్ అప్లికేషన్‌లను నడిపే సర్వర్) మీదే. ఇప్పుడు ఒక కస్టమర్ ఒరాకిల్ వారి సర్వర్ వెబ్‌లాజిక్ కావాలంటున్నారు, ఇంకొకరు ఐబీఎం వారి వెబ్‌స్ఫియర్, మూడోవారు రెడ్ హ్యాట్ వారి జేబాస్ ఈఏపీ. లైసెన్సులు కొనే స్తోమత లేదు, చేతిలో ఉన్నవి 8 జీబీ లాప్‌టాప్‌లు. ఉన్న పరీక్షలన్నీ నాలుగు సర్వర్ల మీదా నడపాలా, ఎక్కడ మొదలుపెట్టాలి, కస్టమర్‌కు ‘ఈ సర్వర్ మీద నడుస్తుంది’ అని రాసి ఇవ్వవచ్చా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, అన్నీ నాలుగుసార్లు నడపనక్కర లేదు. అప్లికేషన్ తర్కానికి సంబంధించిన పరీక్షలు టామ్‌క్యాట్ మీద ఒక్కసారి పూర్తిగా నడిపితే చాలు. పత్రం ఆమోదానికి ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది వెబ్‌లాజిక్‌లో మారిపోదు. మారేది అప్లికేషన్ సర్వర్‌ను తాకే చోట్ల మాత్రమే: లైబ్రరీలు లోడయ్యే తీరు, డేటాసోర్స్ (డేటాబేస్‌కు కనెక్షన్), అక్షరాల ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి), కుకీలు, సెషన్, లాగిన్, ఫైళ్లు దాచే చోటు. ఈ అంచుల కోసం ఒక చిన్న పరీక్షల కట్ట విడిగా రాసుకుని, దాన్ని ప్రతి సర్వర్ మీదా ప్రతి విడుదలకూ నడపండి. నేను అనంతపురంలో ఉంటూ ఎక్కువగా బెంగళూరు కస్టమర్ల కోసం ఈ పనే చేస్తుంటాను. టామ్‌క్యాట్‌లో నడిచి మరో చోట ఆగిపోయిన వాటిలో నేను చూసినవి దాదాపు అన్నీ ఈ అంచుల దగ్గరివే.

అయితే పరీక్షల మాట ఎత్తకముందే తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. కస్టమర్ దగ్గర ఉన్న సర్వర్ ఏ వెర్షన్? ‘వెబ్‌లాజిక్ ఉంది’ అన్న జవాబుతో తృప్తి పడకండి. 2020 చివర్లో వచ్చిన జకార్తా ఈఈ 9 (ఇలాంటి సర్వర్లన్నీ పాటించే జావా ప్రమాణం)తో ప్యాకేజీల పేర్లు జావాఎక్స్ నుంచి జకార్తాకు మారాయి. ఒకే వార్ ఫైలు (వెబ్ అప్లికేషన్ అంతా కట్టి ఇచ్చే ప్యాకేజీ) అటూ ఇటూ నడవదు. టామ్‌క్యాట్ 9 పాత పేర్లది, టామ్‌క్యాట్ 10 కొత్త పేర్లది. వెబ్‌లాజిక్ 14.1.1, 14.1.2 రెండూ పాత పేర్లవే. వెబ్‌స్ఫియర్ సంప్రదాయ రూపం 9.0.5 కూడా పాతదే, పైగా అది జావా 8 మీద నడుస్తుంది. జేబాస్ ఈఏపీ 7.4 పాత పేర్లది, 2024లో వచ్చిన 8.0 కొత్త పేర్లది. అంటే మీ మూడో కస్టమర్ దగ్గర ఈఏపీ 8 ఉంటే, మిగతా ఇద్దరికి ఇచ్చే ఫైలు వారికి పనికిరాదు. దీనికి టామ్‌క్యాట్ వాళ్లే ఒక మార్పిడి పరికరం ఇస్తున్నారు. పాత వార్‌ను ఇస్తే కొత్త పేర్లతో ఇంకో వార్ తయారు చేస్తుంది. దాన్ని వాడవచ్చు, కానీ మార్చిన వార్‌ను వేరే ఉత్పత్తిగా లెక్కపెట్టి మొదటి నుంచి పరీక్షించాలి. పేర్లను స్ట్రింగులుగా కలిపి క్లాసులు లోడ్ చేసే కోడ్‌ను ఏ పరికరమూ పూర్తిగా పట్టుకోలేదు.

మీ మూల ప్రాజెక్టు వాళ్ల ప్రణాళిక కూడా చూడండి. తర్వాతి విడుదలలో వారు స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్కు 6కు వెళితే జావా 17, జకార్తా రెండూ తప్పనిసరి అవుతాయి. ఆ రోజున వెబ్‌స్ఫియర్ 9 కస్టమర్‌కు మీరు చేయగలిగేది పాత శాఖను మీరే మోసుకు తిరగడం. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు ఆ ఖర్చు లెక్కవేసుకోండి.

ఇంకో చిన్న జాగ్రత్త. టామ్‌క్యాట్ 9లో సర్వ్‌లెట్ (వెబ్ రిక్వెస్టులను అందుకునే జావా ఏపీఐ) 4.0 ఉంది, వెబ్‌స్ఫియర్ 9లో 3.1 మాత్రమే. కంపైల్ చేసేటప్పుడు మీ జాబితాలో అన్నిటికన్నా తక్కువ వెర్షన్ ఏపీఐని పెట్టుకోండి. అప్పుడు లేని మెథడ్‌ను ఎవరైనా వాడితే కస్టమర్ దగ్గర కాక మీ బిల్డ్‌లోనే బయటపడుతుంది.

లైసెన్సుల సంగతి మీరు భయపడినంత లేదు. ఒరాకిల్ వెబ్‌లాజిక్‌ను డెవలపర్లు అభివృద్ధి పనికి ఉచితంగా దించుకోవచ్చు. ఐబీఎం కూడా వెబ్‌స్ఫియర్‌ను డెవలపర్ యంత్రాల కోసం ఉచితంగా ఇస్తుంది. రెడ్ హ్యాట్ డెవలపర్ చందా వ్యక్తులకు ఉచితం, అందులో ఈఏపీ వస్తుంది. కానీ ఈ షరతులు ఒక డెవలపర్, ఆయన యంత్రం అన్న ఉద్దేశంతో రాసినవి. ఆఫీసులో అందరూ కలిసి వాడే టెస్టింగ్ సర్వర్ మీద పెట్టేముందు షరతులు పూర్తిగా చదవండి. ప్రొడక్షన్‌లో మాత్రం వాడకూడదు. నా పద్ధతి ఇది: అంచుల పరీక్షలు నా యంత్రం మీద నడుస్తాయి, చివరి ఆమోద పరీక్ష కస్టమర్ సొంత టెస్టింగ్ సర్వర్ మీద, వారి లైసెన్సుతో, వారి మనిషి పక్కన ఉండగా జరుగుతుంది. ఈ షరతును ఒప్పందంలోనే రాయిస్తాను.

ఈఏపీకి బదులు వైల్డ్‌ఫ్లై మీద రోజువారీ పరీక్షలు నడపడం తప్పు కాదు, ఈఏపీ దాని నుంచి పుట్టినదే. కానీ వెబ్‌స్ఫియర్‌కు బదులు ఓపెన్ లిబర్టీ పెట్టి సరిపెట్టుకోవద్దు. రెండూ ఐబీఎంవే అయినా లోపలి నిర్మాణం వేరు. లిబర్టీలో నడిచింది కాబట్టి సంప్రదాయ వెబ్‌స్ఫియర్‌లోనూ నడుస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇక అసలు తలనొప్పి క్లాస్‌లోడింగ్, అంటే ఒకే లైబ్రరీ రెండు చోట్ల ఉంటే సర్వర్ దేన్ని తీసుకుంటుందన్నది. టామ్‌క్యాట్ మీ వార్‌లోని లైబ్రరీలకే ముందు చోటిస్తుంది. వెబ్‌లాజిక్, వెబ్‌స్ఫియర్ మాత్రం మీరు క్యారియరు కట్టుకుని వెళ్లినా ముందు మా వంటింట్లో వండిందే తినాలని పట్టుబట్టే చుట్టాలిల్లు లాంటివి. సర్వర్‌లో అదే పేరుతో పాత లైబ్రరీ ఉంటే అదే లోడవుతుంది. అప్పుడు లాగ్‌లో మెథడ్ లేదని, లేదా ఒక క్లాసును అదే పేరున్న క్లాసుగా మార్చలేమని వింత ఎర్రర్లు వస్తాయి. అందరికీ తెలిసిన పాత ఉదాహరణ డేటాబేస్ లైబ్రరీ హైబర్నేట్ 3ది. దానికి కావలసిన యాంట్లర్ లైబ్రరీ వెబ్‌లాజిక్‌లో ముందే ఉండటంతో, టామ్‌క్యాట్‌లో చక్కగా నడిచిన క్వెరీలు అక్కడ క్లాసు దొరకలేదంటూ కూలిపోయేవి.

వెబ్‌లాజిక్‌లో దీనికి రెండు మార్గాలు ఉన్నాయి, రెండూ వెబ్‌లాజిక్.ఎక్స్ఎంఎల్ ఫైలులోనే. ‘ప్రిఫర్-వెబ్-ఇన్ఫ్-క్లాసెస్’ అన్నది వార్‌లోని వాటన్నిటికీ ముందు చోటిస్తుంది. ‘ప్రిఫర్-అప్లికేషన్-ప్యాకేజెస్’ అన్నది మీరు పేరు పెట్టి చెప్పిన ప్యాకేజీలకే ఇస్తుంది. రెండూ కలిపి పెట్టకూడదు. నేను ఎప్పుడూ రెండోదే వాడతాను, ఎందుకంటే ఏ లైబ్రరీతో గొడవ ఉందో ఆ జాబితా చూసి తర్వాత వచ్చేవారు తెలుసుకోగలరు. వెబ్‌లాజిక్‌తో పాటు వచ్చే క్లాస్‌లోడర్ విశ్లేషణ పేజీ ఏ ప్యాకేజీలు ఢీకొంటున్నాయో చూపించి, ఏమి రాయాలో కూడా సూచిస్తుంది. చాలామంది దాని జోలికి వెళ్లకుండా రోజులకు రోజులు లాగ్‌లు తవ్వుతారు, అది నాకు వింతగా ఉంటుంది.

వెబ్‌స్ఫియర్‌లో ఇదే పనికి క్లాస్‌లోడర్ క్రమాన్ని ‘పేరెంట్ లాస్ట్’గా మార్చాలి. దీన్ని అడ్మిన్ కన్సోల్‌లో చేతితో మార్చి మరిచిపోయే అలవాటు చాలా చోట్ల చూశాను. తర్వాతి డిప్లాయ్‌లో ఆ మార్పు పోతే ‘నిన్న నడిచింది, ఈరోజు నడవలేదు’ అన్న ఫోన్ వస్తుంది. దాన్ని డబ్ల్యూఎస్ అడ్మిన్ (వెబ్‌స్ఫియర్ ఆదేశాల పరికరం) స్క్రిప్టుగా రాసి కోడ్‌తో పాటే భద్రపరచండి. పేరెంట్ లాస్ట్ పెట్టాక మీ వార్‌లో పాత జెర్సెస్ (ఎక్స్ఎంఎల్ చదివే లైబ్రరీ), ఎక్స్ఎంఎల్ ఏపీఐ జార్‌లు (జావా లైబ్రరీ ఫైళ్లు) ఉంటే కొత్త గొడవ మొదలవుతుంది. అవి జావాలోనే ఉన్నాయి కాబట్టి వార్‌లోంచి తీసేయడమే మందు. కామన్స్ లాగింగ్ కూడా అక్కడ ఇలాగే విసిగిస్తుంది.

జేబాస్‌ది వేరే ధోరణి. అక్కడ అంతా మాడ్యూళ్లుగా విడివిడిగా ఉంటుంది, కానీ మీ కోడ్‌లో రెస్ట్ (వెబ్ సేవల) గుర్తులు కనిపిస్తే చాలు, మీరు అడగకుండానే తన రెస్ట్ లైబ్రరీ రెస్ట్ఈజీని తెచ్చి కలుపుతుంది. మీరు అదే పనికి జెర్సీ లైబ్రరీ వాడుతుంటే ‘జేబాస్-డిప్లాయ్‌మెంట్-స్ట్రక్చర్’ ఫైలులో ఆ ఉపవ్యవస్థను మినహాయించాలి. లాగింగ్‌కూ అంతే. ఈ ఫైలును పైస్థాయి ప్యాకేజీలోనే చూస్తుంది. వార్‌ను ఇయర్ (వార్‌లను కలిపి కట్టే పెద్ద ప్యాకేజీ) లోపల పెట్టి ఇస్తే వార్‌లోని ఫైలును పట్టించుకోదు.

పరీక్ష ఎలా? ఒక చిన్న జేఎస్పీ పేజీ (జావా కోడ్ నడిపే వెబ్ పేజీ) రాయండి. మీకు ముఖ్యమైన క్లాసుల పేర్లు ఇస్తే, ఒక్కొక్కటి ఏ జార్ నుంచి లోడైందో అది ముద్రించాలి (క్లాస్ ప్రొటెక్షన్ డొమైన్ నుంచి కోడ్ సోర్స్ అడిగితే చెబుతుంది, జావాతో వచ్చే క్లాసులకు శూన్యం రావచ్చు). నాలుగు సర్వర్లలోనూ ఆ జాబితా మీ వార్‌నే చూపించాలి. ఇదే నేను నడిపే మొదటి పరీక్ష. ఇది తప్పితే మిగతావి నడపను. ప్రొడక్షన్‌కు ఇచ్చే ముందు ఆ పేజీని తీసేయడం మరవకండి.

ఇప్పుడు మన భాష సంగతి. మీరు తెలుగు పత్రాల మీద పనిచేస్తున్నారు కాబట్టి ఎన్‌కోడింగ్ పరీక్షను మిగతావారికన్నా రెట్టింపు శ్రద్ధతో చేయాలి. టామ్‌క్యాట్ 8 నుంచి యూఆర్ఎల్‌లోని అక్షరాలను యూటీఎఫ్-8గానే చదువుతుంది, అందుకే మీకు ఇంతవరకు సమస్య ఎదురై ఉండదు. వెబ్‌లాజిక్‌లో ‘ఇన్‌పుట్-చార్‌సెట్’ను వెబ్‌లాజిక్.ఎక్స్ఎంఎల్‌లో చెప్పాలి. వెబ్‌స్ఫియర్‌లో ‘క్లయింట్.ఎన్‌కోడింగ్.ఓవర్‌రైడ్’ అన్న జేవీఎం ప్రాపర్టీ ఉంది. ఫారంలో పంపే వాటికి ఎన్‌కోడింగ్ ఫిల్టర్ (పేజీకి చేరేముందే రిక్వెస్టును చూసే కోడ్) అన్ని ఫిల్టర్లకన్నా ముందుండాలి. దానికి ముందు ఇంకెవరైనా ఒక్క పారామీటర్ చదివినా ఆ తర్వాత చెప్పింది చెల్లదు.

పరీక్షకు ‘టెస్ట్1’, ‘ఏబీసీ’ లాంటివి పెడితే అన్నీ పాసవుతాయి, కస్టమర్ దగ్గర అన్నీ ఫెయిలవుతాయి. మన ఊళ్ల పేర్లే పెట్టండి: కర్నూలు, అనంతపురం, ఆళ్లగడ్డ, ప్రొద్దుటూరు, శ్రీ సత్యసాయి జిల్లా. ఒత్తులు, సున్నాలు, పేరు మధ్య ఖాళీలు అన్నీ వస్తాయి. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాట కూడా ఉండాలి, ఎందుకంటే అందులో కంటికి కనిపించని విడదీసే అక్షరం ఒకటుంటుంది. వెతుకులాటలో అది చాలాసార్లు దెబ్బతీస్తుంది. ఆ పేర్లను ఫారంలో, యూఆర్ఎల్‌లో, అప్‌లోడ్ చేసే ఫైలు పేరులో, డౌన్‌లోడ్ పేరులో, జిప్ లోపలి ఫైలు పేరులో ఇలా అన్నిచోట్లా పెట్టి చూడండి.

తప్పు వచ్చినప్పుడు దాని రూపమే కారణం చెబుతుంది. వరసగా ప్రశ్నార్థకాలు కనిపిస్తే, తెలుగును ఇముడ్చుకోలేని ఎన్‌కోడింగ్‌లోకి రాసేశారు, ఆ సమాచారం పోయినట్టే. అలా కాకుండా నెత్తిన గీత ఉన్న లాటిన్ అక్షరం మాటిమాటికీ వస్తుంటే, యూటీఎఫ్-8ను లాటిన్‌గా చదువుతున్నారు, బైట్లు ఇంకా ఉన్నాయి కాబట్టి సాధారణంగా బాగుచేయవచ్చు. మొదటిది కనిపిస్తే ప్రొడక్షన్‌లో వెంటనే ఆపాలి.

డేటాబేస్ ఈ ప్రశ్నలోకి రాదు కానీ వెబ్‌లాజిక్ కస్టమర్ అంటే తరచుగా ఒరాకిల్ డేటాబేస్ కూడా ఉంటుంది, అందుకని చెబుతున్నాను. యూటీఎఫ్-8లో తెలుగు ఒక్కో సంకేతానికి 3 బైట్లు. ‘కర్నూలు’లో గుణింతాలు, పొల్లు విడిగా లెక్కిస్తే 7 సంకేతాలు, అంటే 21 బైట్లు. 20 బైట్ల కాలమ్‌లో మన ఊరి పేరు పట్టదు, ఓఆర్ఏ-12899 ఎర్రర్ వస్తుంది. కాలమ్ పొడవులను బైట్లలో కాకుండా అక్షరాల్లో ప్రకటించండి.

ఇంకో చిక్కు జావాలోనే ఉంది. జావా 17 వరకు డిఫాల్ట్ ఎన్‌కోడింగ్‌ను ఆపరేటింగ్ సిస్టం లొకేల్ (భాష, ప్రాంతాల సెట్టింగు) నిర్ణయిస్తుంది, 18 నుంచే యూటీఎఫ్-8 డిఫాల్ట్ అయింది. వెబ్‌స్ఫియర్‌ను ఏఐఎక్స్ (ఐబీఎం వారి యూనిక్స్) యంత్రం మీద నడిపే కస్టమర్ దగ్గర లొకేల్ లాటిన్‌ది కావచ్చు. ఎన్‌కోడింగ్ చెప్పకుండా ఫైలు చదివే, రాసే కోడ్ అంతా అక్కడ తేలిపోతుంది. మీ లాప్‌టాప్‌లోనే జావా 8ను లాటిన్ ఎన్‌కోడింగ్‌తో మొదలుపెట్టి ఈ పరీక్షలు నడపండి, సర్వర్ లేకుండానే సగం తప్పులు దొరుకుతాయి. అదే వెబ్‌స్ఫియర్‌లో జావా కూడా ఐబీఎంది. ‘సన్ఎక్స్509’ అని పేరు పెట్టి భద్రతా అల్గారిథం అడిగే కోడ్ ఉంటే అక్కడ దొరకదు.

లాగిన్ దగ్గర వెబ్‌లాజిక్ చేసే పని ఒకటి ముందే తెలుసుకోవాలి. మీ అప్లికేషన్‌కు సొంత యూజర్ల పట్టిక ఉండి, రెస్ట్ సేవలకు బేసిక్ అథెంటికేషన్ (పేరు, పాస్‌వర్డ్‌లను రిక్వెస్టు హెడర్‌లో పంపే పద్ధతి) వాడుతుంటే, టామ్‌క్యాట్ ఆ హెడర్‌ను మీకే వదిలేస్తుంది. వెబ్‌లాజిక్ మాత్రం దాన్ని తానే పట్టుకుని, ఆ పేరు తన యూజర్లలో లేదని 401 (అనుమతి లేదన్న ఎర్రర్) ఇచ్చేస్తుంది. మీ కోడ్ దాకా రిక్వెస్టు రానే రాదు, మీ లాగ్‌లో ఏమీ ఉండదు. డొమైన్ కాన్ఫిగ్ ఫైలులో ‘ఎన్‌ఫోర్స్-వ్యాలిడ్-బేసిక్-ఆత్-క్రెడెన్షియల్స్’ను ఫాల్స్ చేస్తే సరిపోతుంది, కానీ ఆ మార్పు డొమైన్ (ఒకే కాన్ఫిగ్ కింద నడిచే వెబ్‌లాజిక్ సర్వర్లు) అంతటికీ వర్తిస్తుంది. కస్టమర్ భద్రతా బృందం ఒప్పుకోకపోవచ్చు. అందుకే ఇది డెమో రోజు కాక మొదటి వారంలోనే మాట్లాడవలసిన విషయం.

వెబ్‌స్ఫియర్‌లో దీనికి దగ్గరి బంధువు ఫిల్టర్ల సమస్య. స్ట్రట్స్ 2, వికెట్ లాంటి ఫ్రేమ్‌వర్కులు పేజీలన్నిటినీ ఫిల్టర్ ద్వారానే అందిస్తాయి. నిజమైన ఫైలు లేని చిరునామాకు వెబ్‌స్ఫియర్ ఫిల్టర్‌ను పిలవకుండానే 404 ఇచ్చిన సందర్భాలు ఉన్నాయి. వెబ్ కంటెయినర్‌కు ‘ఇన్‌వోక్ ఫిల్టర్స్ కంపాటిబిలిటీ’ ప్రాపర్టీ పెడితే తీరుతుంది.

కుకీల దగ్గర టామ్‌క్యాట్ సెషన్ కుకీని మీ అప్లికేషన్ దారికే కట్టేస్తుంది. వెబ్‌లాజిక్, వెబ్‌స్ఫియర్ డిఫాల్ట్‌గా మొత్తం హోస్టుకు ఇస్తాయి. అదే హోస్టులో ఇంకో అప్లికేషన్ ఉంటే ఒకదాని కుకీని మరొకటి తొక్కేస్తుంది, యూజర్ అకారణంగా లాగౌట్ అవుతారు. పక్కన సెషన్ మాత్రమే సృష్టించే ఒక ఖాళీ వార్‌ను కూడా డిప్లాయ్ చేసి, ఒకే బ్రౌజర్‌లో రెండూ తెరిచి చూడండి. మందు సులువే, కుకీ దారిని లేదా పేరును మార్చడమే.

సెషన్ క్లస్టర్‌లో (ఒకే అప్లికేషన్‌ను కలిసి నడిపే సర్వర్ల గుంపులో) నిలుస్తుందో లేదో చూడటానికి క్లస్టరే కట్టనక్కర లేదు, కనీసం మొదట్లో. వెబ్.ఎక్స్ఎంఎల్‌లో ‘డిస్ట్రిబ్యూటబుల్’ గుర్తు పెట్టి టామ్‌క్యాట్ మీదే మీ పూర్తి పరీక్షలు నడపండి. సీరియలైజ్ కాని (బైట్లుగా మార్చి పంపడానికి వీలుకాని) వస్తువును సెషన్‌లో పెట్టిన క్షణమే టామ్‌క్యాట్ ఎర్రర్ వేస్తుంది. ఇది పైసా ఖర్చు లేని పరీక్ష. అది దాటాక, వెబ్‌లాజిక్ నకలు చేసేది సెట్ఆట్రిబ్యూట్ పిలిచినప్పుడే అని గుర్తుంచుకోండి. సెషన్‌లో ఉన్న జాబితాకు ఒక అంశం చేర్చి మళ్లీ సెట్ చేయకపోతే రెండో నోడ్‌కు ఆ సంగతి తెలియదు.

ఫైళ్ల గురించి ఒక్క మాట చాలు: అప్‌లోడ్‌లను వార్ లోపలి దారిలో దాచకండి. వెబ్‌లాజిక్‌లో వార్‌ను విప్పకుండా డిప్లాయ్ చేస్తే అసలు దారి అడిగినప్పుడు డిఫాల్ట్‌గా శూన్యం వస్తుంది. జేబాస్ ఇచ్చేది తాత్కాలిక ఫోల్డర్, రీస్టార్ట్‌తో పోతుంది.

యంత్రం చిన్నది కాబట్టి సర్వర్లన్నీ ఒకేసారి లేపకండి. కంటెయినర్ ఇమేజ్‌లు (సర్వర్ ముందే పెట్టి ఉన్న, దించుకుని నడిపే ప్యాకేజీలు) ఒరాకిల్, ఐబీఎం, రెడ్ హ్యాట్ మూడింటి రిజిస్ట్రీలలోనూ ఉన్నాయి, ఒరాకిల్ దగ్గర లాగిన్ అయి షరతులు ఒప్పుకోవాలి, రెడ్ హ్యాట్ దగ్గరా లాగిన్ కావాలి. పెద్ద ఇమేజ్‌లు, రాత్రిపూట దించుకోండి. ఒక్కొక్కటి లేపి, డిప్లాయ్ చేసి, అంచుల కట్ట నడిపి, దించేసి, తర్వాతిదానికి వెళ్లే స్క్రిప్టు రాసుకుంటే చాలు. బిల్డ్‌కు మావెన్ వాడుతుంటే కార్గో ప్లగిన్ ఈ లేపడం దించడం చాలావరకు చూసుకుంటుంది. అన్ని సర్వర్ల డిస్క్రిప్టర్ ఫైళ్లనూ (వెబ్‌లాజిక్.ఎక్స్ఎంఎల్ లాంటి సెట్టింగుల ఫైళ్లను) ఒకే వార్‌లో ఉంచవచ్చు, తనది కానిదాన్ని ఏ సర్వరూ పట్టించుకోదు. డేటాసోర్స్ పేరు కూడా అక్కడే కలపండి, కోడ్‌లో సర్వర్‌కో పేరు రాయకండి.

ఈ డిస్క్రిప్టర్లను మూల ప్రాజెక్టుకు కూడా పంపండి. ఇలాంటి ప్రాజెక్టుల్లో చాలా వాటిని టామ్‌క్యాట్, జెట్టీల మీదే పరీక్షిస్తారు, మిగతావి వారి దగ్గర ఉండవు. ‘వెబ్‌లాజిక్‌లో నడవడం లేదు’ అని ఫిర్యాదు పెడితే మూలన పడుతుంది. వెర్షన్, ఎర్రర్, క్లాసు ఏ జార్ నుంచి వచ్చిందన్న సమాచారం, సవరించిన ఫైలు కలిపి పంపితే తీసుకునే అవకాశం ఎక్కువ. తీసుకుంటే ప్రతి విడుదలకూ ఆ మార్పును మీరు మళ్లీ అతికించే పని తప్పుతుంది.

ఇక మీ చివరి సందేహం. రాసి ఇవ్వవచ్చు, కానీ ‘వెబ్‌లాజిక్ మీద నడుస్తుంది’ అని మాత్రం రాయకండి. సర్వర్ పేరు, పూర్తి వెర్షన్, ప్యాచ్ స్థాయి, జావా ఎవరిది, ఏ వెర్షన్, ఆపరేటింగ్ సిస్టం, డేటాబేస్, పరీక్షించిన తేదీ, సర్వర్‌లో మార్చిన సెట్టింగుల జాబితా. వీటితో ఒక పేజీ చేసి ఒప్పందానికి జతపరచండి. క్లస్టర్ మీద చూడకపోతే ‘క్లస్టర్ మీద పరీక్షించలేదు’ అని అదే పేజీలో రాయండి. కస్టమర్ ప్యాచ్ వేసుకున్నప్పుడు మళ్లీ పరీక్షించడానికి అయ్యే ఖర్చు ఎవరిదో కూడా అక్కడే తేల్చుకోండి. వాళ్ల సర్వర్ల మీద ప్యాచ్‌లు క్రమం తప్పకుండా పడుతూనే ఉంటాయి.